ఖాలా సంచిలో గసగసాలు: మన తోషా తారీఖ్



ఈమధ్య కోయిలకుంట్లలో మా ఖాలా ఉమ్రా సఫర్‌కు తయారవుతుంటే సామాను సర్దడానికి నేనూ పోయినా. అమ్మీ అప్పటికే వారం నుంచీ వంటింట్లోనే ఉంది. మామిడికాయ ఊరగాయ, నిమ్మకాయ ఊరగాయ, నూగుల లడ్డూలు, నెయ్యిలో వేయించిన మీఠీ పూరీలు, ఖుర్మా మసాలా పొడి, అన్నీ మూటలు కట్టి చాప మీద పేర్చింది. "పరాయి దేశంలో నోటికి రుచి తెలియక అల్లాడిపోతుంది పాపం, అందుకే" అంది.

నేను ఒక్కో మూట విప్పి చూసినా. ఖాలాకు పదిహేనేళ్లుగా షుగర్, దాంతోపాటు బీపీ. లడ్డూలు పక్కకు పోయినాయి. పూరీలూ పోయినాయి. ఊరగాయల్లో ఉప్పు చూస్తే డాక్టర్ సాబ్ కళ్లముందు మెదిలినారు. చివరికి ఖుర్మా పొడి దగ్గర ఆగినా.

"అమ్మీ, దీంట్లో గసగసాలు వేసినావా?"

"వెయ్యకుంటే ఖుర్మా చిక్కబడుతుందా?"

"అయితే ఇది పోకూడదు."

ఖాలా గాబరాగా చూసింది. "ఏం బేటీ, గసగసాలు హరామా? మా నానీ కాలం నుంచి తింటున్నాం కదా!"

హరామని కాదు, ఆ దేశపు ఖానూన్ అట్లా ఉందని చెప్పినా. ఖష్‌ఖష్ అంటే నల్లమందు మొక్క గింజ. మన కిరాణా కొట్లో అది మసాలా దినుసు. సౌదీ అరేబియాలో అది మత్తు పదార్థాల లెక్కలోకి పోతుంది. హజ్ కమిటీ ఆఫ్ ఇండియా హాజీలకిచ్చే హిదాయతుల్లో ఖష్‌ఖష్ తీసుకుపోవద్దని ఉంటుంది. అక్క ప్రేమగా కట్టిచ్చిన పొడి, ఎయిర్‌పోర్టులో చెల్లెలిని ముజ్రిమ్‌లా నిలబెట్టగలదు. కువైట్, సౌదీ, దుబాయ్‌లకు రాకపోకలున్న మన కడప, కర్నూలు ఖాందాన్లన్నీ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రయాణంలో తినడానికి ఇంటి నుంచి కట్టుకుపోయే తిండిని మన పెద్దలు తోషా అంటారు. ఫార్సీ నుంచి ఉర్దూలోకి వచ్చిన మాట. తెలుగులో సద్దిమూట. ఈ తోషాకు ఒక తారీఖ్ ఉంది. అది తెలిస్తే ఖాలా సంచిలో ఏం పెట్టాలో కూడా తెలుస్తుందని అనిపించింది.

చీల్చిన నడికట్టు

మన తారీఖ్‌లో అన్నిటికన్నా మషూర్ తోషా హిజ్రత్ నాటిది. క్రీస్తుశకం 622. ప్రవక్త ముహమ్మద్ (స), హజ్రత్ అబూబకర్ (రజి) మక్కా వదిలి పోవడానికి సిద్ధమవుతున్నారు. ఖురైషీలు వెతుకుతున్నారు. దారిలో ఎవరింటికీ పోయి రొట్టె అడగడానికి లేదు. అబూబకర్ గారి కూతురు హజ్రత్ అస్మా (రజి) తిండి సంచి సిద్ధం చేసినారు. మూతి కట్టడానికి తాడు దొరకలేదు. తన నడికట్టునే రెండుగా చీల్చి దాంతో కట్టినారు. అందుకే ఆమెకు జాతున్నితాఖైన్, అంటే రెండు నడికట్ల ఆమె, అనే లఖబ్ వచ్చింది.

సౌర్ గుహలో వాళ్లు మూడు రాత్రులున్నారు. ఆమిర్ బిన్ ఫుహైరా అనే సేవకుడు మేకలు తోలుకొచ్చి చీకటి పడినాక పాలు ఇచ్చి పోయేవాడు. అంటే నిలవ ఉండేది సంచిలో పోయింది, నిలవ ఉండని పాలు మేకతో పాటే వచ్చినాయి. ఎంత లెక్కగా జరిగిన ఇంతెజామో చూడండి. హిజ్రత్ గురించి చెప్పేటప్పుడు గుహ, సాలీడు, పావురం అని పిల్లలకు చెబుతాం. సంచి కట్టిన ఆడపిల్ల గురించి కూడా అంతే చెప్పాలి.

ఇంకో ముఖ్యమైన రివాయత్ యమన్ వాళ్లది. వాళ్లు హజ్‌కు ఏ సామానూ లేకుండా బయల్దేరేవాళ్లు. మేము అల్లాహ్ మీద తవక్కుల్ చేసేవాళ్లం అనేవాళ్లు. తీరా మక్కా చేరినాక జనం దగ్గర చెయ్యి చాపేవాళ్లు. సూరె బఖరాలోని 197వ ఆయత్ ఈ సందర్భంలోనే దిగిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. దారిఖర్చు, దారితిండి వెంట తీసుకుపొమ్మని హుకుం. అన్నిటికన్నా మేలైన తోషా తఖ్వా అని ఆ వెంటనే ఉంది. మన తఖ్రీర్లలో ఎక్కువగా ఆ రెండో సగమే వినిపిస్తుంది. మొదటి సగం రొట్టెల గురించి. రొట్టెలు కట్టుకోవడం తవక్కుల్‌కు ఖిలాఫ్ కాదని దాని మతలబ్.

సవీఖ్, పేలపిండి

ఆ కాలపు అరబ్బులు సంచుల్లో ఏం పెట్టుకునేవాళ్లు? ఖర్జూరాలు, ఎండు మాంసం, సవీఖ్. సవీఖ్ అంటే బార్లీనో గోధుమనో వేయించి విసిరిన పిండి. నీళ్లు పోసి కలిపితే చాలు, పొయ్యి అక్కర్లేదు. ఈ పిండి పేరు మీద ఒక గజ్వానే ఉంది. హిజ్రీ 2, అంటే 624లో అబూ సుఫ్యాన్ మనుషులు మదీనా పొలిమేరల్లో దాడి చేసి పారిపోతూ, బరువు తగ్గించుకోవడానికి సవీఖ్ మూటలు దారిపొడవునా పారేసిపోయినారు. ముస్లింలు వాటిని ఏరుకొచ్చినారు. అందుకే అది గజ్వా ఎ సవీఖ్. హిజ్రీ 7లో ఖైబర్ వైపు పోతూ సహ్‌బా అనే చోట తిండి తెమ్మంటే సవీఖ్ తప్ప ఇంకేమీ రాలేదనీ, దాన్నే తడిపి అందరూ తిన్నారనీ రివాయత్.

ఇది చదివినప్పుడు నాకు మా దాదీ చేసిన పేలపిండి గుర్తొచ్చింది. జొన్నలు పేలాలుగా వేయించి విసిరి డబ్బాకెత్తేది. చేనికి పోయినా, పెండ్లికి పోయినా, ఆసుపత్రికి పోయినా ఆ డబ్బా వెంట ఉండేది. అరబ్బు సవీఖ్‌కూ కోయిలకుంట్ల పేలపిండికీ చుట్టరికం ఎవరూ కలపలేదు. రెండు చోట్లా ఎండ ఎక్కువ, నీళ్లు తక్కువ, దారులు పొడవు. ఒకే కష్టానికి రెండు నేలలు ఒకే జవాబు వెతుక్కున్నాయి.

మాంసమూ అంతే. బక్రీద్ తర్వాతి మూడు రోజులను అయ్యామె తష్రీఖ్ అంటాం. ఆ పేరుకు ఉలమాలు చెప్పే అర్థాల్లో ఒకటి, ఖుర్బానీ మాంసాన్ని ముక్కలు చేసి ఎండలో ఆరబెట్టే రోజులని. సహాబాలు ఆ మాంసాన్ని మక్కా నుంచి మదీనా దాకా తీసుకుపోయేవాళ్లని హజ్రత్ జాబిర్ (రజి) చెప్పినారు. మన మిద్దెల మీద దండేలకు వేలాడే ఒట్టితునకలు చూసినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ఒకే దారి, రెండు పరహేజ్‌లు

ఇప్పుడు మన నేలకొద్దాం. కోయిలకుంట్ల కుందూ నది పక్కన నల్లరేగడి సీమ, జొన్న పండే సీమ. నిజాం 1800లో కంపెనీ వాళ్లకు వదిలేసిన దత్తమండలాల్లో ఇదీ ఒకటి. మొదట కడప జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలు జిల్లాలో కలిసింది. 2022 నుంచి నంద్యాల జిల్లా. అందుకే మా ఊళ్లో కడప మాటా, కర్నూలు మాటా రెండూ వినిపిస్తాయి.

దత్తమండలాల గుండా 1830లో ఒక పెద్ద ముసాఫిర్ పోయినారు. ఆయన ఏనుగుల వీరాస్వామయ్య, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీ దాకా పోయి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరినారు. దారిలో రాసిన సంగతులే 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయినాయి. అహోబిలం మా ఊరికి తూర్పున, ఆళ్లగడ్డ పక్కనే. అంటే ఆయన పల్లకీ మా పొరుగు నుంచే పోయింది.

వీరాస్వామయ్య గారు నియోగి బ్రాహ్మణులు. ఆయన పరహేజ్ మనకన్నా కఠినం. ఎవరు వండినారు, నీళ్లు ఎవరు తోడినారు, ఏ చోట కూర్చుని తినాలి, అన్నిటికీ మడి ఉంది. అందుకే ఏ మజిలీలో సామాన్లు దొరుకుతాయి, ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అని జాగ్రత్తగా రాసుకుంటూ పోయినారు. తర్వాత వచ్చే యాత్రికుడు ఆకలితో మాడిపోకూడదని ఆయన నియ్యత్. ఆ పుస్తకాన్ని భక్తి కోసం చదివేవాళ్లుంటారు, చరిత్ర కోసం చదివేవాళ్లుంటారు. నేను మాత్రం పరహేజ్ ఉన్న మనిషి ఇల్లు వదిలి దూరదేశం ఎట్లా పోగలిగినాడో తెలుసుకోవడానికి చదివినా.

అదే దారుల్లో మన హాజీలూ నడిచినారు. మనకు మడి లేదు, జబీహా ఉంది. ఆయనకు మన వంట పనికిరాదు, మనకు తెలియని చేతి మాంసం పనికిరాదు. కానీ ఇద్దరి బండ్లలోనూ ఉన్నవి దాదాపు అవే వస్తువులు: బియ్యం, పప్పు, ఊరగాయ, బెల్లం, నెయ్యి, వేయించిన పిండి. పరహేజ్ మనుషుల్ని వేరు చేస్తుందని అందరూ అంటారు. నిజమే, ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోనియ్యదు. సంచి దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ ఒకటే ఫికర్, చెడిపోకుండా ఉండాలి, నమ్మకంగా తినగలగాలి.

రైలు, జహాజు

1871లో మద్రాసు రైలుదారి, బొంబాయి రైలుదారి రాయచూరు దగ్గర కలిసినాయి. మన సీమ హాజీలకు బొంబాయి దగ్గరైంది. కోయిలకుంట్ల వాళ్లు ఎర్రగుంట్ల వైపో తాడిపత్రి వైపో ఎద్దుల బండి కట్టుకుని పోయి రైలెక్కాలి. తర్వాతి కాలంలో నంద్యాలకూ రైలొచ్చింది. అంగ్రేజుల కాలపు స్టేషన్లలో హిందూ పానీ, ముస్లిం పానీ అని కుండలు వేరు, పోసేవాళ్లు వేరు. ఫలహారశాలలూ వేరు. ఆ వేరుతనం మంచిదని నేను అనను. ఒక దేశపు జనం దాహాన్ని కూడా రెండుగా పంచిన ఏర్పాటు అది. కానీ ఆ కుండ అన్ని స్టేషన్లలోనూ నిండుగా ఉంటుందని నమ్ముకుని ఏ ముసాఫిర్ కూడా బయల్దేరలేదు. తోషాదాన్, నీళ్ల సురాహీ చేతిలోనే ఉండేవి.

బొంబాయిలో ముసాఫిర్‌ఖానాలో జహాజు కోసం ఎదురుచూపులు. ఆ తర్వాత జిద్దా దాకా సముద్రం. పాతకాలపు హజ్ జహాజుల్లో డెక్కు మీద పోయే బీద హాజీలు తమ బియ్యం, పప్పు తామే తెచ్చుకుని అక్కడే వండుకునేవాళ్లు. అల ఎగిసిన రోజు పొయ్యి వెలగదు. అప్పుడు పనికొచ్చేది వేయించిన పిండి, ఎండిన రొట్టె, ఖర్జూరమే.

దారి ఎన్ని రోజులు పడుతుందో కూడా ముందుగా తెలిసేది కాదు. 1865లో హజ్ సమయంలో కలరా పుట్టి యూరప్ దాకా పాకింది. 1866లో ఇస్తాంబుల్‌లో దేశాలన్నీ సమావేశమై హాజీల మీద నిఘా పెట్టాలని తీర్మానించినాయి. 1882లో ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో ఉస్మానీ సర్కార్ క్వారంటైన్ మొదలుపెట్టింది. దక్షిణం వైపు నుంచి వచ్చే జహాజులు అక్కడ ఆగాలి, హాజీలు దిగి రోజులు గడపాలి. నెలకు సరిపడా కట్టిన మూట ఇంకో వారం లాగాలి. ఎక్కువ కట్టుకుంటే బరువు, తక్కువ కట్టుకుంటే ఆకలి. మూట సైజు తేల్చేటప్పుడు ఇంటి ఆడవాళ్లు ఎంత ఆలోచించి ఉంటారో ఊహించుకోండి. తారీఖ్ పుస్తకాల్లో జహాజు కంపెనీల పేర్లుంటాయి. ఆ లెక్క వేసిన నానీల పేర్లు ఎక్కడా లేవు.

1995తో మన దేశం నుంచి జహాజుల హజ్ ఆగిపోయింది. ఇప్పుడంతా విమానం. వారాల దారి గంటల్లోకి వచ్చింది.

నాలుగు హిక్మత్‌లు

ఇంత తారీఖ్ తిరగేసినాక ఒక సంగతి అర్థమైంది. తిండిని చెడిపోకుండా ఉంచడానికి మన పెద్దల దగ్గర నాలుగు హిక్మత్‌లు ఉన్నాయి. ఉప్పు, తీపి, నూనె, ఎండ. ఊరగాయను కాపాడేది ఉప్పూ నూనె. లడ్డూను కాపాడేది బెల్లం. మీఠీ పూరీని కాపాడేది తీపీ నెయ్యీ. ఇప్పుడు మా ఖాలా డాక్టర్ రాసిచ్చిన చీటీ చూడండి: ఉప్పు తగ్గించాలి, తీపి మానాలి, నూనె తగ్గించాలి. అంటే తోషాను నిలబెట్టే నాలుగింటిలో మూడు ఆమెకు బంద్. అమ్మీ వారం కష్టపడి చేసిన మూటలన్నీ పక్కకు పోవడానికి కారణం ఇదే. అమ్మీది తప్పు కాదు, ఆమె నేర్చుకున్న తోషా ఆరోగ్యంగా ఉన్న ముసాఫిర్ కోసం పుట్టింది.

మిగిలింది నాలుగోది, ఎండ. దానికి మన సీమలో కొరత లేదు. తేమ లేని చోట చెడగొట్టే క్రిములు పెరగవు. అదే పెరుగన్నం అయితే, వండిన కూర అయితే, మామూలు వేడిలో రెండు గంటలకు మించి నమ్మలేం. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. మన సీమలో ఎండాకాలం ఆ లెక్క పొద్దున్నే దాటిపోతుంది. అందుకే దారి కోసం దాదీ కూర కట్టకుండా పేలపిండి కట్టింది.

మరుసటి రోజు అమ్మీ, నేను మళ్లీ మొదలుపెట్టినాం. జొన్న రొట్టెలు పల్చగా తట్టి, పెనం మీద కాల్చి, కరకరలాడేదాకా ఎండబెట్టినాం. జొన్నల పేలపిండిలో బెల్లం కలపలేదు. పప్పుల పొడి ఉప్పు తగ్గించి, వెల్లుల్లి, జీలకర్ర ఎక్కువ వేసి కొట్టినాం. వేయించిన శనగలు, బొరుగులు విడివిడిగా కట్టినాం. జొన్నలోనూ పిండిపదార్థం ఉంది కాబట్టి ఒక్కో పూటకు ఎంతో కొలిచి చిన్న పొట్లాలు చేసినాం. చక్కెర ఉన్నట్టుండి పడిపోతే వెంటనే నోట్లో వేసుకోవడానికి గ్లూకోజ్, నాలుగు ఖర్జూరాలు చేతిసంచిలో పెట్టినాం. ఇన్సులిన్, మాత్రలు, డాక్టర్ చీటీ కూడా చేతిసంచిలోనే. కింద సామానులో పడేస్తే అక్కడి చలికి ఇన్సులిన్ పాడవచ్చు, సంచి ఆలస్యమైనా కష్టమే. ఒట్టితునకలు మాత్రం పెట్టలేదు. మాంసాన్ని రానివ్వని దేశాలు చాలా ఉన్నాయి.

గసగసాలు తీసేసి ఖుర్మా పొడి మళ్లీ కొట్టడానికి అమ్మీ మొదట ఒప్పుకోలేదు. "చిక్కదనం యాడినుంచి వస్తుంది?" అంది. కొబ్బరి, వేయించిన పప్పులు వేసి కొట్టినాం. రుచి అంత రాలేదని ఇప్పటికీ అంటుంది. పాత పొడి కొట్టిన మిక్సీ గిన్నెను మూడుసార్లు కడిగించినా. చాదస్తం అని నవ్వింది గానీ కడిగింది.

అమానత్

చివరగా ఒక పని చేసినాం. మీ అందరికీ నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. ప్రతి పొట్లం మీద దాంట్లో ఏమేం ఉన్నాయో రాసినాం. తెలుగులో ఒక చీటీ, ఇంగ్లీషులో ఒక చీటీ. ఎందుకంటే తోషా కట్టేది ఒకరు, తినేది ఇంకొకరు, తనిఖీ చేసేది మరొకరు. మధ్యలో నడిచేది నమ్మకం ఒక్కటే. హాజీల గదుల్లో పొట్లాలు చేతులు మారతాయి. మన పొడుల్లో బుడ్డలు ఎక్కువగా ఉంటాయి. పక్క మంచం మీది బిడ్డకు బుడ్డలు పడవని మనకు ఎట్లా తెలుస్తుంది? చీటీ ఉంటే ఆ తల్లి చదువుకుంటుంది. "మా ఇంట్లో చేసిందే, తినండి" అనే మాట ప్రేమే గానీ, దాంట్లో ఏముందో చెప్పకపోతే ఆ ప్రేమలో ఖత్రా ఉంది. ఇంకొకరి కడుపు మన చేతిలో అమానత్.

ఖురాన్ షరీఫ్‌లో ఉపవాసాల సడలింపు చెప్పే చోట మరీజ్, ముసాఫిర్ పక్కపక్కనే వస్తారు. ఇద్దరికీ ఒకే రిఆయత్. మా ఖాలా ఒకేసారి రెండూ. సూరె కహఫ్‌లో గుహలో నిద్రలేచిన యువకులు తమలో ఒకడికి వెండి నాణెం ఇచ్చి ఊళ్లోకి పంపుతారు. ఏ తిండి పాకీజా అయినదో చూసి తెమ్మంటారు, జాగ్రత్తగా మసలుకొమ్మంటారు. ఎన్ని ఏండ్లు నిద్రపోయినారో వాళ్లకు తెలియదు, ఆకలి దంచేస్తోంది, పట్టుబడితే ప్రాణభయం. అప్పుడు కూడా ఏదో ఒకటి తెమ్మనలేదు. అయినా మన దావత్‌లలో, ప్రయాణాల్లో "ఒక్కరోజుకేం కాదులే, తిను" అని షుగర్ ఉన్నవాళ్లను బలవంతం చేస్తూనే ఉంటాం. పరహేజ్ అడిగినవాళ్లను నఖరాలు చేస్తున్నారని నవ్వుతాం. దయచేసి అట్లా చేయకండి.

2016 నుంచి కోయిలకుంట్లకూ రైలుంది, నంద్యాల, ఎర్రగుంట్ల దారి మీద. ఒకప్పుడు బండి కట్టుకుని పోయిన ఎర్రగుంట్లకు ఇప్పుడు రైల్లోనే పోవచ్చు. ఖాలాను సాగనంపడానికి స్టేషన్‌కు అందరం పోయినాం. అమ్మీ సంచి అందిస్తూ చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పినావని తర్వాత అడిగితే, "నీలం పొట్లం పొద్దుటికి, తెల్ల పొట్లం రాత్రికి, మర్చిపోవద్దన్నా" అంది.

ఖాలా అల్హందులిల్లాహ్ క్షేమంగా తిరిగొచ్చింది. సంచిలో రెండు రొట్టెలు మిగిలినాయి. జమ్‌జమ్ నీళ్లలో నానబెట్టి ఇంటిల్లిపాదీ తలా ఒక ముక్క తిన్నాం. మీ ఇంట్లో ముసాఫిర్లు ఎవరైనా బయల్దేరుతుంటే వాళ్ల మూట ఒకసారి విప్పి చూడండి, చీటీ రాసి పెట్టండి. అల్లాహ్ అందరి సఫర్ ఆసాన్ చేయుగాక. ఆమీన్.